నోట్లో గుండుసూదులు

మా అమ్మ ఫోన్లో "ఊఁ... ఊఁహూఁ..." అని మాత్రమే మాట్లాడుతోందంటే దానికి రెండే అర్థాలు. ఒకటి, నా మీద కోపమొచ్చింది. రెండోది, నోట్లో గుండుసూదులున్నాయి. చిన్నప్పట్నుంచీ విన్న చెవులు కదా, ఆ రెండు ఊఁలకీ తేడా ఇట్టే కనిపెట్టేస్తాను. కోపం ఊఁ పొట్టిగా తెగిపోతుంది. సూదుల ఊఁ ముక్కులోంచి సాగుతూ వస్తుంది, వెనకాల మిషను టకటకలాడుతూ వినిపిస్తుంది.

అమ్మ జాకెట్లు కుడుతుంది. మాది నరసాపురం దగ్గర పల్లెటూరు. నాన్న రైసుమిల్లులో గుమాస్తా. నా బీటెక్కు ఫీజులో రీయింబర్స్‌మెంటు పోను మిగిలినవన్నీ, అంటే హాస్టలు, రికార్డులు, మొదటి లాప్‌టాప్‌తో సహా, అమ్మ కుట్టిన జాకెట్లే. ఒక సెమిస్టరుకి ఎన్ని జాకెట్లయ్యాయో ఒకసారి లెక్కేద్దామని కూర్చుని, సగంలో భయమేసి మానేశాను.

ఇంత చెప్పాను కదా అని ఇప్పుడు అమ్మ త్యాగాల గురించి మొదలెడతాననుకోకండి. నేను చెప్పబోయేది గుండుసూదుల గురించి. నవ్వకండి. పొద్దున్న లేస్తే జావా, మైక్రోసర్వీసులు అంటూ తిరిగేవాడికి గుండుసూదులతో పనేంటని మీకు అనిపించవచ్చు. నాకూ అలాగే అనిపించేది, 2024 శ్రావణమాసం దాకా.

శ్రావణమాసమంటే మా ఇంట్లో పండగ కాదు, ప్రొడక్షన్ రిలీజు. వరలక్ష్మీవ్రతం లోపల ఊళ్ళో సగంమంది ఆడవాళ్ళ జాకెట్లు అమ్మ మిషను మీద ఉంటాయి. లైనింగు జాకెట్లు, మగ్గం వర్కు జాకెట్లు, ఆఖరి నిమిషంలో "వదినా, ఇదొక్కటీ" అంటూ వచ్చేవి. సరిగ్గా ఆ వారంలోనే అక్క పుట్టింటికొచ్చింది, రెండేళ్ళ బుడ్డోడిని తీసుకుని. వాడికి అమ్మమ్మంటే ప్రాణం. అమ్మమ్మ మెళ్ళో టేపు వేసుకుంటే వీడూ వేసుకోవాలి. అమ్మమ్మ మిషను తొక్కితే వీడూ కిందకి దూరి పెడలు పట్టుకుని ఊగాలి.

ఆరోజు మధ్యాహ్నం అక్క వాడిని అన్నానికి పిలిచింది. మిషను కిందనుంచి "ఊఁ" అన్నాడు. "రారా" అంది. "ఊఁహూఁ" అన్నాడు. పెదాలు గట్టిగా బిగించి, అచ్చం అమ్మమ్మలా.

అక్కకి ఒక్క క్షణం పట్టింది అర్థమవడానికి. వాడి నోట్లో వేలుపెట్టి ఒక గుండుసూది బయటికి తీసింది.

ఒకటి దొరికింది, సరే. రెండోది ఉందా? అసలు వాడు ఎన్ని పెట్టుకున్నాడు? డబ్బా కింద పడి ఉంది. సూదులు నేలమీద చెల్లాచెదురుగా ఉన్నాయి. డబ్బాలో మొదట ఎన్ని ఉండేవో ఆ ఇంట్లో ఎవరికీ తెలీదు. పక్కింటావిడ పరిగెత్తుకొచ్చి అరటిపండు పెట్టమంది, జారి కిందకి దిగిపోతుందని. ఇంకొకావిడ ఉప్పునీళ్ళు తాగించి కక్కించమంది. అదృష్టంకొద్దీ అక్క రెండూ చెయ్యలేదు. ఆటోలో భీమవరం తీసుకెళ్ళిపోయింది.

నేనా? నాలుగొందల కిలోమీటర్ల అవతల, హైదరాబాదులో, మా రిలీజు తాలూకు లాగులు చూసుకుంటున్నాను. అక్క ఫోను రెండుసార్లు కట్ చేశాను కూడా. మూడోసారి ఎత్తితే అవతలనుంచి ఏడుపు తప్ప మాట రాలేదు.

మెడ దగ్గర్నుంచి పొట్ట దాకా ఎక్స్‌రే తీశారు. ఏమీ లేదు. శుభ్రంగా ఉంది. డాక్టరుగారు అక్కని కూర్చోబెట్టి నిదానంగా చెప్పారట. మింగిన గుండుసూది చాలాసార్లు తలవైపు ముందుగా జారుతూ పేగుల్లోంచి దానంతటదే బయటికొచ్చేస్తుంది, కానీ ఎక్కడైనా గుచ్చుకునే ప్రమాదం లేకపోలేదు, అందుకే మింగారని అనుమానమొస్తే చాలు, వెంటనే రావాలి. కక్కించకూడదు, గుచ్చుకోనిది కూడా అప్పుడు గుచ్చుకుంటుంది. అరటిపండు కాదు కదా నీళ్ళు కూడా పట్టకూడదు, ఎండోస్కోపీ అవసరమైతే పొట్ట ఖాళీగా ఉండాలి. అన్నిటికంటే భయపడాల్సింది పొట్టలోకి పోయినదాని గురించి కాదు, ఊపిరితిత్తుల వైపు పోయినదాని గురించి.

తర్వాత ఆయన అమ్మ వైపు తిరిగి, "డబ్బాలో ఎన్ని ఉండాలమ్మా?" అని అడిగారట. అమ్మ దగ్గర సమాధానం లేదు. ఇది నాకు చెప్పింది అక్క. అమ్మ ఇప్పటిదాకా ఆ మాట ఎత్తలేదు.

ఆ రాత్రి నిద్రపట్టక నెట్లో చదువుతూ కూర్చున్నా. టర్కీ, ఈజిప్టు లాంటి దేశాల డాక్టర్లు దీని మీద చాలా వ్యాసాలే రాశారు. తలకి స్కార్ఫు కట్టుకునేటప్పుడు అమ్మాయిలు పిన్నులు పెదాల మధ్య పట్టుకుంటారు. మధ్యలో నవ్వో, దగ్గో, మాటో వస్తుంది. లోపలికి గాలి పీల్చేసరికి పిన్ను ఊపిరిగొట్టంలోకి పోతుంది. బ్రాంకోస్కోపీ చేసి తీస్తారు, ఒక్కోసారి ఆపరేషనే చెయ్యాల్సొస్తుంది. ఆ ఎక్స్‌రే బొమ్మలు చూస్తుంటే నాకు ఒకటే గుర్తొచ్చింది. ఇరవై ఏళ్ళుగా అమ్మ నోట్లో సూదులున్నప్పుడే నేను ఫోన్లు చేసి జోకులేశాను. నవ్వించాలని. నవ్వింది కూడా.

శుక్రవారం రాత్రి నరసాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కేశా. ఇంటికెళ్ళేసరికి మిషను మీద పాత చీర కప్పి ఉంది. కుట్టాల్సిన గుడ్డలన్నీ ఎవరివి వాళ్ళకి తిరిగిచ్చేసింది. శ్రావణమాసంలో! అక్కా అమ్మా ఒకే వంటింట్లో, ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా, బుడ్డోడి ద్వారా నడిపిస్తున్నారు. "మీ అమ్మమ్మని ఉప్పు డబ్బా ఇమ్మను."

ఇక్కడ నా తప్పు కూడా ఒకటి ఒప్పుకోవాలి. ఉద్యోగం వచ్చినప్పట్నుంచీ "ఇంకా ఎందుకమ్మా ఈ కుట్లు, మానెయ్, నేను పంపిస్తున్నా కదా" అని అమ్మని సతాయిస్తూ వచ్చింది నేనే. ఇప్పుడు మానేసింది. నేను సంతోషించాలి. కానీ చీర కప్పిన ఆ మిషను చూస్తే, పెద్దాయనెవరో ఇంట్లో మంచం పట్టినట్టనిపించింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక అమ్మ ఊరికే గుమ్మంలో కూర్చుని ఉంది. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని. అమ్మ చేతులు అలా ఖాళీగా ఉండటం నేనెప్పుడూ చూళ్ళేదు.

"అసలు నోట్లో ఎందుకు పెట్టుకుంటావమ్మా?" అని అడిగాను. తిట్టడానికి కాదు, నిజంగానే తెలుసుకుందామని.

"రెండు చేతులూ గుడ్డ మీదుంటే సూది ఎక్కడ పెట్టుకోమంటావురా? లైనింగు ఒకపక్క జారిపోతా ఉంటది, పట్టు ఒకపక్క. చెయ్యి తీస్తే మొత్తం పోద్ది." కాసేపాగి, "పైగా నోట్లో పెట్టుకుంటే తడికి మెత్తగా దిగుద్ది. మీ డబ్బా సూదులు ఊరికే దిగవు" అంది.

మా భాషలో దీన్ని రిక్వైర్‌మెంట్స్ గేదరింగ్ అంటారు :) అయిదేళ్ళు సాఫ్ట్‌వేర్ రాశాను కానీ ఇంత క్లియర్‌గా చెప్పిన క్లయింటు ఒక్కరూ తగల్లేదు. సూది చేతికి అందేంత దగ్గరలో ఉండాలి, దానికోసం చెయ్యి గుడ్డ మీదనుంచి లేవకూడదు. గుచ్చితే సాఫీగా దిగాలి. ఈ రెండూ తీర్చకుండా "నోట్లో పెట్టుకోకు" అంటే, యూజర్ని తిట్టి బగ్ క్లోజ్ చేసినట్టే.

డబ్బా తెచ్చి పేపరు మీద బోర్లించా. సూది కోసం సోదికెళితే పాతవన్నీ బయటపడ్డాయన్న సామెత ఊరికే పుట్టలేదు. నేను టెన్త్‌లో ఉన్నప్పటి సూదులు కూడా అందులో ఉన్నాయి. సగం ఆఫీసు పిన్నులు, కాగితాలకి గుచ్చేవి. లావుగా ఉంటాయి, మొన సరిగ్గా ఉండదు. కాగితానికి చాలు కానీ పట్టుకి కాదు. కొన్ని వంగిపోయినవి. కొన్నిటికి ప్లాస్టిక్ తల ఇస్త్రీపెట్టె కింద కరిగి చపాతీ అయిపోయింది. చాలావాటికి మధ్యలో గోధుమరంగు మచ్చలు. తుప్పు.

అప్పుడు వెలిగింది. అమ్మ చెప్పింది నిజమే, కానీ అదొక వలయం. మామూలు గుండుసూది ఉక్కు తీగ, పైన సన్నటి నికెల్ పూత. ఉమ్మి తడి, చేతి చెమటలో ఉప్పు, దానికి తోడు మా సముద్రపు గాలి, మూడూ కలిసి పూత ఎక్కడ లేచిపోతే అక్కడ తుప్పు పట్టిస్తాయి. తుప్పు పట్టిన చోట గరుకు. గరుకైతే దిగదు. దిగకపోతే ఇంకా తడి చెయ్యాలి, ఇంకా గట్టిగా తొయ్యాలి. గట్టిగా తోస్తే వంగుతుంది, వేలికి దిగుతుంది, పట్టులో పోగు లాగేస్తుంది. జారడానికని నోట్లో పెట్టుకోవడమే జారకుండా చేస్తోందన్నమాట. మనవాళ్ళు సర్క్యులర్ డిపెండెన్సీ అనేది ఇదే.

పోగు లాగడమంటే గుర్తొచ్చింది. నేను ఇంజనీరింగులో ఉండగా ఒక పెళ్ళికూతురి శాటిన్ జాకెట్టుకి అలాగే అయింది. సూది మొన మీద కంటికి కనపడని కొక్కెంలాంటి వంపు, అంతే. వీపు మీద అడ్డంగా ఒక గీత. అమ్మ చేతి డబ్బులు పెట్టి కొత్త గుడ్డ కొని మళ్ళీ కుట్టిచ్చింది. ఆనెల నాకు మెస్ డబ్బులు పది రోజులు ఆలస్యంగా వచ్చాయి. ఎందుకో అప్పుడు నాకు చెప్పలేదు.

ఆ కొక్కెం కనిపెట్టడం చాలా తేలిక. సూది మొనని బొటనవేలి గోరు మీద ఆనీ ఆననట్టు లాగాలి. బాగున్న సూది జారుతుంది. చెడిన సూది గీరుతుంది. ఇంకా అనుమానముంటే శాటిన్ ముక్క మీద లాగి చూడొచ్చు. నేనూ అమ్మా గుమ్మంలో కూర్చుని, గోరు మీద ఒక్కొక్కటీ లాగి చూస్తూ, మూడు కుప్పలు పెట్టాం. బాగున్నవి, బాగుచెయ్యదగ్గవి, పారెయ్యాల్సినవి. మొదటి కుప్పలో ఎన్ని మిగిలాయంటారు? తొమ్మిది.

బాగుచెయ్యడానికి పాతకాలం చిట్కా ఒకటుంది. అమెరికా, ఇంగ్లండుల్లో కుట్టుపని చేసేవాళ్ళు టొమాటో ఆకారంలో ఒక చిన్న దిండు వాడతారు, దానికి వేలాడుతూ స్ట్రాబెర్రీ పండంత సంచి ఒకటుంటుంది. అది అలంకారమని చాలామంది అనుకుంటారు. దాన్నిండా ఎమరీ పొడి ఉంటుంది. ఎమరీ అంటే కురువింద జాతి ఖనిజం, ఉక్కుకంటే గట్టిది. సూదిని అందులో నాలుగైదుసార్లు గుచ్చి తీస్తే తుప్పు పొర పోయి మొన నునుపవుతుంది. భీమవరంలో ఒక హార్డ్‌వేర్ షాపులో ఎమరీ పొడి దొరికింది. అమ్మ దాన్ని దళసరి గుడ్డ రెండు పొరల్లో కుట్టేసింది (పల్చటి గుడ్డయితే పొడి కారుతుంది). చేతికి ఏదో ఒక కుట్టుపని తగిలిందని నేను మనసులో అనుకున్నా, పైకి అన్లేదు. ఒకటి గుర్తుపెట్టుకోవాలి, సూదుల్ని ఆ సంచిలోనే వదిలెయ్యకూడదు. అది తుప్పుతోపాటు పూతనీ గీకేస్తుంది. గుచ్చాలి, తియ్యాలి, పొడిగుడ్డతో తుడవాలి.

నా అభిప్రాయమడిగితే ఈ బాగుచెయ్యడానికి ఒక హద్దుంది. పైపైన గరుకైతే సరే. గోతులు పడేంత తుప్పు పట్టినదాన్నీ, వంగినదాన్నీ తిన్నగా చేసుకుని వాడటం పొదుపు కాదు. డబ్బా సూదులకంటే ఒక జాకెట్టు ముక్క ఖరీదెక్కువ.

అసలు గుండుసూది ఇంత చవకగా దొరకడం వెనకాల పెద్ద కథే ఉంది. 1776లో ఆడమ్ స్మిత్ తన 'వెల్త్ ఆఫ్ నేషన్స్' పుస్తకాన్ని మొదలెట్టింది గుండుసూదుల కార్ఖానాతోనే. తీగ సాగదీసేవాడొకడు, తిన్నగా చేసేవాడొకడు, మొన అరగదీసేవాడొకడు, ఇలా 18 పనులుగా విడగొట్టి పదిమంది చేస్తే రోజుకి 48,000 పైచిలుకు సూదులు తయారవుతాయనీ, ఒక్కడే మొత్తం చేస్తే ఇరవై కూడా కావనీ లెక్క చెప్పాడు. 2007లో ఇంగ్లండువాళ్ళు విడుదల చేసిన 20 పౌండ్ల నోటు మీద ఆయన పక్కన ఆ సూదుల కార్ఖానా బొమ్మ కూడా వేశారు, 2022లో ఆ నోటు చెలామణీ ఆగిపోయింది. మనమంతా ఫ్రంటెండు, బ్యాకెండు, టెస్టింగు అని విడిపోయి కూర్చోవడానికి మూలపురుషుడు ఆ గుండుసూదే. ఇది అమ్మకి చెప్తే, "పద్దెనిమిది మంది చేస్తే తప్పెవరిదని చెప్తారు?" అంది. మా స్టాండప్ మీటింగులో రోజూ నలిగే ప్రశ్న అదే.

సరే, అసలు సంగతికొద్దాం. కొత్త సూదులు కొన్నాం. సన్నటివి, సుమారు 0.5 మిల్లీమీటర్లవి, పట్టుకోసం. తల గాజుది, ఇస్త్రీపెట్టె తగిలినా కరగదు, నేలమీద పడితే కనిపిస్తుంది. పక్కవీధిలో లేసు అల్లే పిన్నిగారొకావిడ ఉన్నారు, మావైపు లేసు పని మీకు తెలిసే ఉంటుంది. ఆవిడ అల్లినదాన్ని తడిపి, గంజి పెట్టి, చుట్టూ సూదులు గుచ్చి సాగదీసి ఆరబెడతారు. తడిగుడ్డలో మామూలు సూది ఒక రాత్రి ఉంటే చాలు, తెల్లటి లేసు మీద తుప్పు చుక్క పడుతుంది. నిమ్మకాయా ఉప్పూ పెట్టి ఎండలో వేస్తే కొంత పోతుంది కానీ ముందరి తెలుపు రాదు. అందుకని ఆవిడ స్టెయిన్‌లెస్ స్టీలువీ ఇత్తడివీ మాత్రమే వాడతారు. నాలుగు పోగు చేసి ఇచ్చారు మాకు కూడా.

ఇప్పుడు నా తెలివితేటల ఘట్టం. పాత హార్డ్‌డిస్కు ఒకటి పాడైపోయి నా దగ్గరుండేది. విప్పితే లోపల నియోడిమియం అయస్కాంతాలుంటాయి, చాలా బలమైనవి, వేలు మధ్యలో పడితే చర్మం చితుకుతుంది. దాన్ని ఒక స్టీలు పళ్ళెం కింద అతికించి, "ఇదిగోమ్మా, విసిరితే చాలు, అదే పట్టేసుకుంటుంది" అని గొప్పగా ఇచ్చాను. అక్క కూడా మెచ్చుకుంది.

రెండోరోజు అమ్మ తీర్పు చెప్పింది. "ఒకటి తీస్తే నాలుగు వస్తన్నాయిరా." సూదులన్నీ అయస్కాంతాలైపోయాయి. ఒకదానికొకటి అంటుకుని, కత్తెరకి అంటుకుని, హుక్కుల్ని లాక్కుని... పైగా పిన్నిగారిచ్చిన ఇత్తడివి పళ్ళేనికి అంటుకోనే లేదు. స్టెయిన్‌లెస్‌లో కూడా కొన్ని రకాలంతే. అంటే అయస్కాంతం నేలంతా తిప్పి "ఏమీ లేవు" అని మనం ధైర్యంగా ఉంటే, అంటుకోని సూది చాప కింద పడుకుని ఉంటుందన్నమాట. ఏమాటకామాటే చెప్పుకోవాలి, నా డిజైను ఫెయిలయింది. ఇప్పుడా అయస్కాంతాన్ని ఒక తాడుకి కట్టి, రోజూ పని అయ్యాక నేల ఊడ్చే ముందు ఒకసారి తిప్పడానికి మాత్రం వాడుతోంది.

తీసి పెట్టడం కాదు అసలు సమస్య, లెక్క. సీ లాంగ్వేజీ నేర్చుకున్నవాళ్ళకి మాలోక్, ఫ్రీ గుర్తుండే ఉంటాయి. తీసుకున్న ప్రతి మెమరీ ముక్కా తిరిగిచ్చెయ్యాలి, లేకపోతే ఎక్కడో కారుతూ ఉంటుంది. గుచ్చిన ప్రతి సూదీ తియ్యాలి. తీశామో లేదో తెలియాలంటే మొదట ఎన్నున్నాయో తెలియాలి. ఎగుమతి బట్టలు కుట్టే ఫ్యాక్టరీల్లో దీన్ని చాలా కఠినంగా పాటిస్తారు. మిషను సూది విరిగితే ముక్కలన్నీ వెతికి, పక్కపక్కన పేర్చి పూర్తి సూది అయిందని చూపించి, రిజిస్టరులో టేపుతో అతికిస్తేనే కొత్త సూది ఇస్తారు. ఒక ముక్క దొరక్కపోతే ఆ చుట్టుపక్కల బట్టలన్నీ పక్కన పెట్టేస్తారు. పిల్లల బట్టలైతే చివర్లో సూదులు కనిపెట్టే యంత్రంలోంచి పంపిస్తారు. ఇదంతా చెప్పి, అమ్మని రోజూ పొద్దున్నా సాయంత్రం లెక్కపెట్టి నోటు పుస్తకంలో రాయమన్నాను. నావైపు ఒక చూపు చూసింది. ఆ చూపుకి అర్థం నాకు తెలుసు, మా మేనేజరు టైంషీటు నింపమన్నప్పుడు నేను చూసే చూపు అదే.

పుస్తకం మూడు రోజులు కూడా నడవలేదు. కానీ అమ్మ తన దారి తను వెతుక్కుంది. మర్నాడు పొద్దున్న నేను లేచేసరికి మిషను మీద చీర లేదు. నా పాత ఉన్ని స్వెటరు ఒకటి కత్తిరించి, ఉన్ని కూరి, అరచేయంత గుండ్రటి దిండు కుట్టింది.  దిండు అడుగున డబ్బా మూత ఒకటి కోసి పెట్టింది, సూది గుచ్చితే మణికట్టులోకి దిగకుండా. దానికి ఎలాస్టిక్ పట్టీ. ఎడంచేతికి వాచీలా కట్టేసుకుంది. చెయ్యి గుడ్డ మీదే ఉంటుంది, సూదులు చేతి మీదే ఉంటాయి. రిక్వైర్‌మెంటు నంబర్ వన్ తీరిపోయింది, నా ప్రమేయం లేకుండానే.

చూడండి, అసలు గొప్పదనం ఇంకోటి. దిండు మీద సూదులు ఎలా పడితే అలా లేవు. "అయిదు చుక్కలు, సందు చుక్క, మూడొచ్చేవరకు" అంది అమ్మ. ముగ్గు! మధ్య వరసలో అయిదు, అటూ ఇటూ నాలుగేసి, ఆపైన మూడేసి. నేను గబగబా కూడితే 19. అమ్మకి ఆ అంకెతో పనే లేదు. "ఎంచడమెందుకురా, చుక్క తప్పితే తెలియదూ?" అంది. నిజంగానే ఒక సూది తీసి దాచి చూపించాను. దిండు వైపు తల తిప్పీ తిప్పకుండానే, "కుడిపక్క చివరది" అంది. నలభయ్యేళ్ళు వాకిట్లో చుక్కలు పెట్టిన కళ్ళు. ఎర్రర్ డిటెక్షన్ మీద నేను ఒక సెమిస్టరంతా చదివాను, ఇది మాత్రం తట్టలేదు.

ఆ 19 తప్ప మిగతావన్నీ మూత బిగిసే సీసాలో, బీరువా పైఅరలో. సీసాలో బూట్ల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ పొట్లం ఒకటి వేశాను, తేమ పీల్చడానికి. వారానికోసారి ఒక గుడ్డ మీద ఒకే ఒక్క చుక్క మిషనాయిలు వేసి సూదుల్ని అందులో దొర్లించి, మళ్ళీ పొడిగుడ్డతో ఆయిలు జాడ లేకుండా తుడిచేస్తుంది. ఆయిలు మిగిలితే పట్టు మీద మరకే. పాతకాలం వాళ్ళు సూదిని తల్లో రాసుకునేది కూడా ఆ కాస్త నూనె కోసమే. సబ్బుబిళ్ళకి గుచ్చినా బాగా జారుతుంది, అయితే వాడే ముందు గుచ్చాలి కానీ రాత్రంతా వదిలెయ్యకూడదు, సబ్బు తేమని లాక్కుంటుంది. పారెయ్యాల్సిన సూదుల్ని మందుసీసాలో వేసి, మూతకి టేపు చుట్టి, పైన రాసి మరీ ఇచ్చాం చెత్త తీసుకెళ్ళే అతనికి. వట్టి చేతులతో ఏరతారు వాళ్ళు. ఇన్నేళ్ళూ మేము ఊడ్చి అలాగే కుప్పలో కలిపేశామని తల్చుకుంటే సిగ్గేసింది.

ఇంకొకటి మాత్రం అమ్మ మార్చుకోలేదు. సూదులు కుట్టుకి అడ్డంగా గుచ్చి, మిషను సూది దగ్గరకొచ్చే ముందే తీసెయ్యాలని ఎంత చెప్పినా, తొందరలో ఉన్నప్పుడు వాటి మీదుగానే తొక్కేస్తుంది. ఒకసారి మిషను సూది గుండుసూదిని కొట్టి విరిగి, ముక్క ఎగిరి అమ్మ కళ్ళద్దానికి తగిలింది. అద్దం మీద ఆ గీత ఇప్పటికీ ఉంది. "అద్దముంది కదా" అంటుంది. దీనికి నా దగ్గర జవాబు లేదు.

అక్క మాట్లాడటానికి ఇంకో వారం పట్టింది. బయల్దేరే రోజు బుడ్డోడి గౌను గుండీ ఒకటి ఊడితే, అక్క దాన్ని తీసుకెళ్ళి ఏమీ అనకుండా అమ్మ ముందు పెట్టింది. అమ్మా ఏమీ అనకుండా కుట్టింది. కుట్టాక దిండు ఒకసారి చూసుకుని, అక్కకి చూపించింది. అక్క తలూపింది. నరసాపురం స్టేషన్లో రైలెక్కేటప్పుడు మాత్రం ఇద్దరూ ఏడ్చారు, అది మామూలే.

ఇప్పుడు ఫోన్లో అమ్మ నోరు పూర్తిగా ఖాళీ. దానివల్ల నాకు జరిగిన నష్టం అంతా ఇంతా కాదు. ఇదివరకు పెళ్ళి సంబంధాల ప్రసక్తి వచ్చినప్పుడు సూదులు అడ్డుండేవి, ఊఁ ఊఁ లతో తప్పించుకునేవాణ్ణి :) ఇప్పుడు పూర్తి వాక్యాల్లో వస్తున్నాయి తిట్లు.

మొన్న రాత్రి కూడా అలాగే, భీమవరం అమ్మాయి, బీటెక్కు, జాతకాలు అంటూ మాంచి ఊపులో ఉండగా గభాల్న ఆగిపోయింది.

"ఏమైందమ్మా?"

"ఆగు. ఒక చుక్క తగ్గింది."

ఫోను మిషను మీద పెట్టేసింది. కుర్చీ జరిపిన చప్పుడు, చాప దులిపిన చప్పుడు, నాన్నని కాళ్ళు పైకెత్తమనడం, అన్నీ వినిపిస్తున్నాయి. దీపాలు పెట్టాక సూది పేరెత్తకూడదని మా నాయనమ్మ ఒకప్పుడు గోల పెట్టేది, అందుకేనేమో నాన్న "ఏంటి వెతుకుతున్నావ్" అంటే అమ్మ పేరు చెప్పకుండా "అదే, అదే" అంటోంది. నాకు ఆఫీసు కాల్ టైమవుతోంది. కట్ చెయ్యబుద్ధి కాలేదు. అలాగే పట్టుకుని కూర్చున్నాను, ఆరేడు నిమిషాలు.

చివరికి నాన్న గొంతు వినిపించింది. "నీ భుజం మీదే ఉంది కదే."